జంట ఇళ్ల ప్లాను: అద్దంలోలా తిప్పకండి, పక్కకు జరపండి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. తెనాలి దగ్గర 300 గజాల స్థలం. తూర్పు పడమరలు 60 అడుగులు, ఉత్తర దక్షిణాలు 45 అడుగులు, రోడ్డు ఉత్తరం వైపు. అన్నదమ్ములిద్దరూ మధ్యలో గోడ కలిపి చెరో రెండు పడక గదుల ఇల్లు కట్టుకుంటారు. పై అంతస్తు తర్వాత ఎప్పుడో. కరెంటు ఖర్చు తక్కువ కావాలి, మే నెలలో కూడా పగలంతా ఏసీ మీద ఆధారపడకూడదు. మీ ఇంజనీరు ఒక ఇల్లు గీసి, దాన్నే అద్దంలో బొమ్మలా తిప్పి రెండో ఇల్లు చేశారు. సరైనదేనా అని అడిగారు.

కాదు. కాగితం మీద అందంగా ఉంటుంది, కట్టేటప్పుడు పైపులూ తీగలూ లెక్క వేయడం సులువు, అంతవరకే. ప్లానును తిప్పినంత మాత్రాన సూర్యుడు తిరగడు. రెండిళ్లకూ పడమర పడమరే. మీ స్థలాన్ని నిలువుగా చీల్చితే తూర్పు ఇంటికి పడమటి గోడే ఉమ్మడి గోడ అవుతుంది. అంటే మధ్యాహ్నం 3 గంటల తర్వాత కొట్టే ఎండ నుంచి ఆ ఇంటికి పూర్తి రక్షణ. పడమటి ఇంటికి ఉమ్మడి గోడ తూర్పున వస్తుంది, 36 అడుగుల పడమటి గోడ మొత్తం ఎండకే. ఒకరికి సమస్యే లేదు, ఒకరికి సమస్యంతా ఉంది. ఇద్దరికీ ఒకే ప్లాను ఇచ్చి తిప్పితే ఒకరికి అన్యాయం జరిగినట్టే. పైగా పంపకాల్లో పెద్దవాడికి పడమటి భాగం ఇవ్వడం మన దగ్గర వాడుక. గౌరవం పేరుతో అన్నగారికి వేడి వాటా వెళ్తోంది. ప్లాను గీసే ముందే ఈ మాట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

మీ ప్లానులో జరిగింది చూడండి. తూర్పు ఇంట్లో వంటగది ఆగ్నేయంలో ఉంది, పెద్ద పడక గది నైరుతిలో ఉమ్మడి గోడకు ఆనుకుని ఉంది. బాగానే ఉంది. తిప్పేసరికి పడమటి ఇంట్లో వంటగది నైరుతికి వెళ్లింది. సాయంత్రం వంట మొదలయ్యే వేళకు పడమటి గోడ కాగి ఉంటుంది, లోపల పొయ్యి. ఇక వాస్తు చూసేవారికి ఈ ప్లాను గడప దాటనే దాటదు. వాస్తు మీద నాకు పెద్ద పట్టింపు లేదు, కానీ ఇక్కడ సిద్ధాంతి, సూర్యుడు ఒకే మాట అంటున్నారు. అలాంటి అవకాశం తరచూ రాదు, వాడుకోండి.

చేయవలసింది తిప్పడం కాదు, జరపడం. అదే ప్లానును దిక్కులు మార్చకుండా పక్కన పెట్టండి. రెండిళ్లలోనూ హాలు ఈశాన్యం, వంటగది ఆగ్నేయం, పెద్ద పడక గది నైరుతి, చిన్న పడక గది వాయవ్యం. మార్పు అంతా మధ్యలో ఉన్న 4 అడుగుల పట్టీలోనే.

ముందు, పక్క, వెనక వదిలే ఖాళీలు పోగా మీకు ఇంటికి దాదాపు 26 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు మిగిలింది. గోడలు తీసేస్తే లోపల 24.5 అడుగులు, 34.5 అడుగులు. దీన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి రెండు వరుసలుగా చీల్చండి. పడమటి వరుస 11 అడుగులు, తూర్పు వరుస 13 అడుగులు. పడమటి వరుసలో ఉత్తరాన చిన్న పడక గది 11 × 10.5, దక్షిణాన పెద్ద పడక గది 11 × 12.5. మధ్యలో 10.5 అడుగుల పొడవు మిగులుతుంది. అందులో హాలు వైపు 6.5 అడుగుల వెడల్పులో మెట్లు వస్తాయి. వాటికి పడమరగా మిగిలే 4 అడుగులే నేను చెప్పిన పట్టీ. తూర్పు వరుసలో ముందు హాలు, తర్వాత భోజనాల చోటు, చివర వంటగది.

తమ్ముడి ఇంట్లో, అంటే తూర్పు ఇంట్లో, ఈ పట్టీ ఉమ్మడి గోడకు ఆనుకుని ఉంటుంది. దాన్ని పైదాకా తెరిచి వదిలేయండి. ప్లానుల్లో ఓటీఎస్ (ఓపెన్ టు స్కై) అని రాస్తారే, అది. పాత మండువా ఇళ్లలో నడిమి ఖాళీ చేసిన పనే చిన్న కొలతలో ఇదీ చేస్తుంది. ఇది లేకపోతే ఆ ఇంటి పడక గదులు రెండింటికీ బయటి గోడ ఒక్కటే. ఒకే కిటికీ ఉన్న గదిలోకి గాలి వచ్చే దారి ఉన్నా పోయే దారి ఉండదు. జంట ఇళ్లలో ప్రధానమైన లోపం ఇదే, చాలామంది గృహప్రవేశం అయ్యాక కనిపెడతారు. ఓటీఎస్ ఉంటే చిన్న గదికి ఉత్తరాన ఒక కిటికీ, దక్షిణాన ఓటీఎస్‌లోకి ఒకటి. పెద్ద గదికి దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఓటీఎస్‌లోకి ఒకటి. మెట్ల కింద ఎత్తు ఉన్న వైపు చిన్న టాయిలెట్ పెట్టి, దాని వెంటిలేటర్‌ను కూడా ఇందులోకే ఇవ్వవచ్చు. పెద్ద గదికి అనుబంధ బాత్రూమ్ మాత్రం దక్షిణపు గోడకు, వంటగదికీ పడక గదికీ నడుమ 4 అడుగులు తీసుకుని పెట్టండి. వంటగది వెడల్పు 8.5 అడుగులకు తగ్గుతుంది, సరిపోతుంది.

ఓటీఎస్ పైన దొంగల భయానికి గ్రిల్, పక్షులకు జాలీ, కింద నీళ్లు పోయే వాలు, అన్నిటికన్నా ముఖ్యంగా దాన్ని తుడవడానికి లోపలికి వెళ్లే తలుపు. తలుపు మరిచిపోయిన ఓటీఎస్ రెండేళ్లలో చెత్తకుండీ అవుతుంది. ఏసీ బయటి యూనిట్‌ను అందులో పెట్టనివ్వకండి. మెకానిక్ అక్కడే పెడదామంటాడు, పైపు తక్కువ పడుతుందని. అది వదిలే వేడి గాలి బావిలా ఉన్న ఆ ఖాళీలోనే నిలిచి, కిటికీల గుండా తిరిగి మీ గదుల్లోకే వస్తుంది.

అన్నగారి ఇంట్లో అదే 4 అడుగుల పట్టీ బయటి పడమటి గోడ వెంట వస్తుంది. అక్కడ రెండు బాత్రూమ్‌లు పెట్టండి, ఒకటి పెద్ద గదికి, ఒకటి చిన్న గదికి. రోజులో కొద్దిసేపే వాడే చోట్లు ఎండను అడ్డుకుంటే మెట్లూ భోజనాల చోటూ చల్లగా ఉంటాయి. ఈ ఇంటి పడక గదులు రెండూ మూల గదులు కాబట్టి గాలికి ఓటీఎస్ అవసరం లేదు. కానీ నైరుతి గది సంగతి కష్టమే. దక్షిణం, పడమర రెండూ ఎండకే, రాత్రి పడుకునేది అందులోనే. ఇటుక గోడ సాయంత్రం దాకా తాగిన వేడిని రాత్రి లోపలికి వదులుతుంది. ఆ గదికి పడమర వైపు కిటికీ వద్దు. గోడ పొడవునా బీరువాలు, అల్మరాలు కట్టించండి. కిటికీ దక్షిణానికి పెద్దదిగా ఇచ్చి, మెట్ల వైపు గోడలో పైన వెంటిలేటర్ పెట్టండి.

అన్నగారి హాలుకు ఇంకో ఇబ్బంది ఉంది. తూర్పున ఉమ్మడి గోడ కాబట్టి వెలుతురు ఉత్తరపు కిటికీ నుంచే రావాలి. భోజనాల చోటుకు వచ్చేసరికి పగలే లైటు వేయాల్సి వస్తుంది. దీనికి మందు మెట్లే. మెట్ల పైగది మూడు వైపులా లూవర్లు (గాలి ఆడే వాలు పలకలు), ఒక వైపు అద్దం పెట్టి కట్టండి. వెలుతురు మెట్ల మీదుగా దిగుతుంది, ఇంట్లో పైకి లేచిన వేడి గాలి లూవర్ల గుండా పోతుంది. రాత్రి కింద కిటికీలు తెరిచి ఉంచితే ఫ్యాను లేకుండానే కదలిక తెలుస్తుంది. పై అంతస్తు వేసినప్పుడు ఈ పైగదిని ఇంకా పైకి తీసుకెళ్లాలి, మూసేయకూడదు. వానజల్లు లోపలికి రాకుండా లూవర్ల మీద సన్‌షేడ్ తప్పనిసరి.

జరపడానికి ఒక ధర ఉంది, దాచడం దేనికి. తిప్పిన ప్లానులో పడక గది వెనక పడక గది, వంటగది వెనక వంటగది వస్తాయి, శబ్దం సమస్య తక్కువ. జరిపిన ప్లానులో అన్నగారి వంటగది వెనకే తమ్ముడి పడక గది వస్తుంది. తెల్లవారుజామున వదినగారు పచ్చడికి మిక్సీ వేస్తే గోడ అవతల మరిది లేచి కూర్చుంటాడు. తూర్పు ముఖంగా వంట చేయాలంటే పొయ్యి గట్టు కూడా ఆ గోడకే వస్తుంది. కాబట్టి గట్టును ఎల్ ఆకారంలో వేయించండి. పొయ్యి మాత్రం తూర్పు గోడకు, మిక్సీ, గ్రైండర్, సింకు దక్షిణం గోడకు. తమ్ముడి గదిలో ఆ గోడ పొడవునా అల్మరాలు రావాలి, మంచం తల అటు పెట్టకూడదు. అన్నగారి టీవీ కూడా ఉమ్మడి గోడకు బిగించకండి.

అసలు ఉమ్మడి గోడ ఒకటి కాదు, రెండు కట్టండి. ఎవరి స్తంభాలు వారివి, ఎవరి గోడ వారిది, నడుమ ఒక అంగుళం ఖాళీ. ఖర్చు పెరుగుతుంది, చెరో కొన్ని అంగుళాల చోటు పోతుంది. అయినా రేపు ఒకరు పై అంతస్తు వేసుకోవాలన్నా, అమ్ముకోవాలన్నా, బ్యాంకులో తాకట్టు పెట్టాలన్నా, ఇంకో తరంలో పడగొట్టి కట్టుకోవాలన్నా రెండోవారి ఇల్లు కదలదు. ఒకే గోడ దోషమనే సిద్ధాంతులకూ ఇదే జవాబు. ఈ గోడకు తేలికైన ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలున్న కాంక్రీటు దిమ్మలు) వాడకండి. శబ్దాన్ని ఆపేది బరువు, కాబట్టి మట్టి ఇటుక గానీ ఫ్లైయాష్ ఇటుక గానీ వాడండి. రెండిళ్ల మధ్య వేడి తేడా పెద్దగా ఉండదు కనుక అక్కడ వేడి ఆపే గోడకు డబ్బు పెట్టడం దండగ. కట్టేటప్పుడు ఆ అంగుళం సందులో సిమెంటు మాలు, ఇటుక ముక్కలు పడకుండా మేస్త్రీని కాచుకోవాలి. పడితే రెండు గోడలూ అక్కడక్కడా అతుక్కుని శబ్దం దాటిపోతుంది. శ్లాబు మీద ఆ సందుకు రెండు వైపులా గట్టు లేపి, పైన రేకు మూత వేయించండి. జంట ఇళ్లలో మొదట కారేది అక్కడే. నీటి పైపులు, స్విచ్చు బోర్డులు ఈ గోడలో తవ్వి పెట్టకూడదని ఇద్దరూ రాసుకోండి.

అనుమతుల గురించి ఒక్క మాట. స్థలాన్ని పంపకం దస్తావేజుతో ముందే రెండు ప్లాట్లుగా విడగొడితే, నడిమి హద్దు వైపు కూడా ఖాళీ వదలమని అడగవచ్చు. అప్పుడు ఉమ్మడి గోడ ఆలోచనే పోతుంది. దస్తావేజు రాయించే ముందే ప్లాను పట్టుకుని టౌన్ ప్లానింగ్ అధికారిని కలవండి. ఈ వరుస తప్పితే మిగతా కష్టమంతా వృథా.

ఇప్పుడు ఎండ లెక్క. మీ ఊరు దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు గోడకు ఎండ రాదన్నది చలిదేశాల పుస్తకాల్లోని మాట, మనకు సరిపడదు. ఉత్తరం కిటికీలకూ సన్‌షేడ్ వేయండి. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మార్చి చివర్లోనూ సెప్టెంబరు చివర్లోనూ 74 డిగ్రీల దగ్గర ఉంటాడు. దీన్నిబట్టి 4 అడుగుల ఎత్తు కిటికీకి దక్షిణాన 2 అడుగుల సన్‌షేడ్ ఉంటే వేసవి మధ్యాహ్నపు ఎండంతా ఆగిపోతుంది, చలికాలంలో కొంచెం లోపలికి వస్తుంది, రానివ్వండి. పడమరకు ఈ లెక్క పనిచేయదు. సాయంత్రపు సూర్యుడు కిందకు దిగి నేరుగా కొడతాడు, సన్‌షేడ్ ఎంత బయటికి వేసినా దాని కిందనుంచి వస్తాడు. అక్కడ కావాల్సింది నిలువు అడ్డం. మీకున్న మీటరు సందులో చెట్టు పెరగదు, కానీ గోడకు అడుగు దూరంలో తీగ పందిరి నిలబెట్టవచ్చు. దొండ పాదు చాలు. కూర కూడా వస్తుంది.

గోడల విషయంలో పడమటి గోడ ఒక్కదానికి ఏఏసీ బ్లాకు పెట్టండి. రెండు వైపులా పూత ఉన్న 9 అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు ఒక డిగ్రీ తేడాకు దాదాపు 2 వాట్ల వేడిని దాటిస్తుంది. 8 అంగుళాల ఏఏసీ గోడ ముప్పావు వాటు దగ్గర ఆగుతుంది. ఇటుకతో కలిసే చోట, కాంక్రీటుతో కలిసే చోట వల వేసి పూత పూయకపోతే బీటలు వస్తాయి, ముందే చెప్పండి. మిగతా గోడలకు మామూలు ఇటుక, లేత రంగు చాలు.

పై అంతస్తు వేసేదాకా మీ అసలు శత్రువు శ్లాబు. నెత్తిమీది ఎండ మొత్తం తాగేది అదే. ఏ కప్పడమూ లేని శ్లాబు నేను పైన చెప్పిన లెక్కలో 3 వాట్లకు పైనే దాటిస్తుంది. కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో ఇళ్ల కోసం తెచ్చిన నియమావళి, ఎకో నివాస్ సంహిత, పైకప్పుకు పెట్టిన పరిమితి 1.2 వాట్లు. మీలాంటి చిన్న స్థలాలకు ఆ సంహిత వర్తించదు, అయినా కొలబద్దగా పనికొస్తుంది. శ్లాబు మీద 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ పలక (వేడిని ఆపే గట్టి నురుగు పలక) పరిచి, పైన కాంక్రీటు పొర వేసి, తెల్ల పెంకు ముక్కలు అతికిస్తే 0.6 దగ్గరికి వస్తుంది. డబ్బు లేకపోతే కనీసం ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత. తెలంగాణ 2023లో దీనికో విధానమే తెచ్చింది, 600 గజాలు, ఆపై స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేసింది. పూత మీద దుమ్ము పేరుకుంటే పని తగ్గుతుంది, ఏటా వేసవికి ముందు కడగాలి. త్వరలో పై అంతస్తు వేస్తారనుకుంటే పలకకు ఖర్చు పెట్టకండి, పూతతో సరిపెట్టి ఆ డబ్బు పై శ్లాబుకు దాచండి.

కిటికీల్లో జనం మోసపోయేది జారుడు తలుపుల దగ్గర. అదే సంహిత ఉక్కపోత ప్రాంతాలకు గదుల నేల వైశాల్యంలో ఆరో వంతు తెరుచుకునే ఖాళీ ఉండాలంటుంది. రెండు రెక్కల జారుడు కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. రెక్కలు బయటికి తెరుచుకునే కిటికీ దాదాపు అంతా తెరుచుకుంటుంది. ఒక వైపు గోడ ఎలాగూ పోగొట్టుకున్న మీకు ఆ సగం చాలా విలువైనది. అసలే వెనక మీటరే ఖాళీ ఉంది, కోస్తాలో వేసవి సాయంత్రాల గాలి ఎక్కువగా దక్షిణం వైపు నుంచే వస్తుంది. వీలైతే వంటగది వెనక గోడను 2 అడుగులు లోపలికి జరపండి, గాలికి కాస్త చోటు, అంట్లు తోముకోవడానికి చోటు. కిటికీ పైన వెంటిలేటర్లు పెట్టడం ఈ మధ్య మానేశారు, మీరు మానకండి. వడగాలి వీచే పగటిపూట మాత్రం అన్నీ మూసి, చీకటి పడ్డాక తెరవండి.

సోలారుకు కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. 3 కిలోవాట్లు పెడితే రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తాయి. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది, ఎవరి మీటరు వారికి ఉండాలి. నైరుతిలో నీళ్ల ట్యాంకు పెడతారు కదా, మధ్యాహ్నం నుంచి దాని నీడ తూర్పు వైపుకు, చలికాలంలో ఈశాన్యానికి సాగుతుంది. సోలారు పలకలను ట్యాంకుకు తగినంత దూరంగా, పై అంతస్తు వేసేటప్పుడు విప్పి మళ్లీ బిగించేలా పెట్టించండి. సోలారు కంటే ముందు చేయాల్సిన చవకైన పని ఫ్యాన్లు మార్చడం. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే తక్కువ కరెంటు మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది.

డబ్బు తక్కువైతే నేను తగ్గించే వరుస ఇది: మొదట సోలారు, తర్వాత ఏఏసీ, తర్వాత పైకప్పు పలక. ఇవన్నీ తర్వాతైనా ఏదో ఒక రూపంలో చేసుకోవచ్చు. ఓటీఎస్, రెండు గోడలు, మెట్ల పైగది, కిటికీల చోట్లు తగ్గించకండి, అవి మళ్లీ రావు.

మీ ఇంజనీరుకు ఇవ్వబోయే ముందు స్థలంలో నిలబడి దిక్సూచితో ఉత్తరం చూడండి. లేఅవుట్లలో ఉత్తరం రోడ్డు అన్నది చాలాసార్లు పేరుకే, ప్లాటు పది, ఇరవై డిగ్రీలు వాలి ఉంటుంది. పదిలోపైతే నేను చెప్పినదంతా అలాగే నిలుస్తుంది. ఇరవై దాటితే ఏ వైపుకు వాలిందో రాయండి, ఉత్తరం వైపు కిటికీలకు పడమటి అంచున నిలువు రెక్కలు కావాల్సి రావచ్చు.